ఐదు మార్కులకు ఒక ఆదివారం

డిగ్రీ రెండో సంవత్సరంలో నేను రాసిన మొదటి వ్యాసం వెనక్కి వచ్చినప్పుడు దాని అంచున ఎర్ర సిరాతో ఒకే ఒక ప్రశ్న ఉంది: "ఈ వంటగదిలో పొయ్యి ఎక్కడ?"

వ్యాసం పేరు 'మా ఇంటి వంటగది'. మూడు పేజీలు రాశాను. మనిషి హృదయం కూడా ఒక వంటగదేనని, అందులో రోజూ ఊడ్చి తుడవాల్సిన మూలలు ఉంటాయని, ఆత్మకూ ఆకలి వేస్తుందని, ఆ ఆకలి తీర్చేవాడు ఒక్కడేనని రాశాను. చివర బైబిల్లోంచి కంఠస్థం చేసిన ఒక వాక్యం కూడా పెట్టాను. మా సంఘంలో ఏ ఆదివారమైనా లేచి నిలబడి అది చదివితే కనీసం నాలుగుసార్లు 'స్తోత్రం' అనేవాళ్ళు. మేడమ్ పదికి మూడు వేశారు.

కంప్యూటర్ కోర్సు వదులుకుని మరీ ఆ రచనా కోర్సు తీసుకున్నాను. మాటలు నాకు కష్టమని ఎప్పుడూ అనుకోలేదు. ఏడేళ్ళ వయసులో స్టూలు మీద నిలబడి అధ్యాయం మొత్తం తప్పు లేకుండా అప్పజెప్పి ప్లాస్టిక్ డబ్బా బహుమతి తెచ్చుకున్నదాన్ని. పన్నెండేళ్ళకు మొదటి సాక్ష్యం చెప్పాను. మా దగ్గర సాక్ష్యానికి ఒక వరుస ఉంటుంది. మునుపు ఎలా ఉన్నాను, ఏం జరిగింది, ఇప్పుడు ఎలా ఉన్నాను, అందుకు ఆయనకు వందనాలు. నాకు తెలియకుండానే నా వ్యాసాలన్నీ ఆ వరుసలోనే నడిచాయి. శంషాబాద్ నుంచి రాజేంద్రనగర్ దాకా రోజూ చేసే బస్సు ప్రయాణం మీద రాయమంటే, జీవితం ఒక యాత్ర అని మొదలుపెట్టి గమ్యం దగ్గర ముగించాను. దాని మీద మేడమ్ రాసింది: "కండక్టర్ ఏమన్నాడు?"

ఆ తర్వాత క్లాసులో పెట్టిన పరీక్షకు నేను వెళ్ళనే లేదు. అప్పుడే కొత్తూరులో మూడు రోజులు ఉజ్జీవ ప్రార్థన సభలు జరిగాయి, నేను పాటల బృందంలో ఉన్నాను. పరీక్ష ఆ సభల చివరి రోజున పడింది. అలా ఎంచుకున్నందుకు అప్పుడు బాధపడలేదు, ఇప్పుడూ పడను. కానీ నోటీసు బోర్డు మీద ఇంటర్నల్ మార్కుల జాబితా పెట్టినప్పుడు నా పేరు కింద ఎర్ర గీత కనబడింది. పాసుకు ఐదు మార్కులు తక్కువ. ఆ కోర్సు పాసు కాకపోతే మూడో సంవత్సరంలోకి పంపరు. మరుసటి ఏడాది జూనియర్ల పక్కన కూర్చుని అదే కోర్సు మళ్ళీ చదవాలి.

ఆ మాట ఇంట్లో ఎలా చెప్పాలో తెలియలేదు. మా అమ్మ విమానాల్లో పెట్టే భోజనాలు ప్యాక్ చేసే వంటశాలలో పనిచేసేది. వారానికి నాలుగైదు రాత్రులు డ్యూటీ. నిలబడే పని. పై ఏడాదికి తన బిడ్డ డిగ్రీ అయిపోతుందని షిఫ్టులో అందరికీ చెప్పుకుంది.

మరుసటి రోజు మేడమ్ గదికి వెళ్ళాను. ఆమెది గోదావరి వైపు. మాట మెత్తగా ఉండేది గానీ ఎర్ర పెన్ను మాత్రం ఎప్పుడూ చేతిలోనే ఉండేది.

"మార్కులు ఊరికే ఇవ్వనమ్మా" అన్నారు నేను నోరు తెరవకముందే. "అదనపు మార్కులకు ఒక పని ఇస్తాను. చేస్తావా?"

"చేస్తాను మేడమ్."

"నీకు బాగా తెలిసిన చోట ఒక గంట కూర్చో. కళ్ళకు కనిపించింది, చెవులకు వినిపించింది, అంతే రాయి. ఎవరికీ ఏమీ బోధించకు. రాసింది ఆ మనుషులకే చదివి వినిపించి, 'ఇది ఇలాగే జరిగింది' అని వాళ్ళలో ఒకరి చేత సంతకం పెట్టించుకుని రా. ఒక్కరు చాలు."

"నాకు బాగా తెలిసింది మా మందిరమే మేడమ్. ఆదివారం ఆరాధన."

ఆమె ఒక క్షణం ఆలోచించారు. "సరే, అక్కడే కూర్చో. నీ మనసులో ఏం జరిగిందో నాకొద్దు. ఆ గదిలో ఏం జరిగిందో కావాలి."

తిరుగు బస్సు సగం దూరం వచ్చేసరికి అసలు చిక్కు తెలిసింది. మా ఆరాధనలో నడుమ దాదాపు గంటసేపు పెద్ద ప్రార్థన ఉంటుంది. ఆ గంటలో ఏం జరుగుతుందో నేను ఎన్నడూ చూడలేదు. కళ్ళు మూసుకునే ఉంటాను. పుట్టి బుద్ధి తెలిసినప్పటి నుంచీ అంతే. సండే స్కూల్‌లో టీచరమ్మ వచ్చి, కదులుతున్న మా రెప్పల మీద వేలు పెట్టి చూసేది. మేడమ్ ఒక గంట అన్నారు. మా మందిరంలో నాకు తెలియని గంట అదే.

ఆ సాయంత్రం అమ్మకు మార్కుల సంగతి చెప్పాను. డ్యూటీకి వెళ్ళడానికి జడ గట్టిగా ముడి వేసుకుంటోంది. ఐదు మార్కులు తక్కువ అన్నప్పుడు చెయ్యి ఆగింది. మేడమ్ ఇచ్చిన పని గురించి చెప్పాక మళ్ళీ కదిలింది.

"ప్రార్థనల కండ్లు తెరుసుకొని కూసుంటవా?"

"ఒక్క ఆదివారం."

"ఎందుకు తెరిచినవని ప్రభువు అడిగితే ఏం జెప్తవ్?"

"మార్కుల కోసమని."

"గట్లనే చెప్పు. అబద్ధం మాత్రం ఆడకు" అని టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

మా మందిరం ఒకప్పుడు గోదాము. పైన రేకులు. విమానాలు దిగే దారి సరిగ్గా మా రేకుల మీదుగా పోతుంది. విమానం వచ్చినప్పుడు మైకులో మాట కూడా వినబడదు. కొత్తలో పాస్టర్ అయ్యగారు గట్టిగా అరిచి చూశారట. తర్వాత ఒక పద్ధతి పెట్టారు. చప్పుడు మొదలవగానే ఆయన చెయ్యి పైకెత్తుతారు. వాక్యం మధ్యలో ఉన్నా, పాట మధ్యలో ఉన్నా అందరూ ఆగిపోతారు. ఆ విమానంలో ఉన్నవాళ్ళ కోసం ఎవరికి వాళ్ళు మనసులో ప్రార్థన చేస్తారు. చప్పుడు పోయాక చెయ్యి దిగుతుంది, ఆగిన మాట దగ్గరి నుంచి మళ్ళీ మొదలవుతుంది. లోకంలో అన్ని సంఘాలూ ఇలాగే చేస్తాయని నేను చాలా కాలం అనుకున్నాను.

ఆ ఆదివారం అమ్మ డ్యూటీ దిగి నేరుగా మందిరానికి వచ్చింది. ఎప్పటిలాగే ఆడవాళ్ళ వైపు చాప మీద, గోడకు ఆనుకుని కూర్చుంది. నేను ఆమె పక్కన. ఒడిలో నోటుబుక్కు, దాని మీద చున్నీ కప్పాను. పాటలు అయ్యాయి. పెద్ద ప్రార్థన మొదలైంది. అందరి తలలూ వంగాయి. నా తలా వంగింది గానీ రెప్పలు మాత్రం వాల్చలేదు. మొదటి రెండు నిమిషాలు ఎవరో వెనక నుంచి నా మెడ పట్టుకుంటారేమో అన్నట్టు ఉంది.

పెద్ద ప్రార్థన చేసేది పెద్దమ్మ. శంషాబాద్ మార్కెట్లో ఆకుకూరలు అమ్ముతుంది, అరవై ఏళ్ళు దాటాయి, సంఘంలో అందరికీ పెద్దమ్మే. బడికి పోలేదు. దేశాల పేర్లు రేడియోలో విని, విమానాశ్రయంలో పనిచేసే మా వాళ్ళ నోట విని నేర్చుకుంది. మొదట మన రాష్ట్రం, తర్వాత మన దేశం, తర్వాత ఒక్కో దేశం పేరు ఎత్తి అక్కడి జనం కోసం, పంటల కోసం, దవాఖానల్లో పడుకున్నవాళ్ళ కోసం ప్రార్థన చేస్తుంది. కొన్ని వారాలు అరగంటలో అయిపోతుంది. కొన్ని వారాలు గంట దాటుతుంది. ఎందుకు దాటుతుందో తెలియక కుర్రకారు గొణుక్కునేవాళ్ళు.

కళ్ళు తెరిచి చూస్తే పెద్దమ్మ నోరు ఒక పని చేస్తోంది, చేతులు ఇంకో పని చేస్తున్నాయి. ఆ రోజు మందిరంలో ప్రేమవిందు, ఆరాధన తర్వాత అందరికీ భోజనం. ఒడిలో ఆకు కట్ట పెట్టుకుని కాడలు తుంచుతూ, "ప్రభువా, జపాను దేశాన్ని జ్ఞాపకం చేసుకో" అంటోంది. కీబోర్డు వాయించే అన్న ఒక చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు, రెండో చేతిలో, కీబోర్డు కింద, ఫోను. మగవాళ్ళ వైపు ఇద్దరు పెద్దమనుషులు పోయిన నెల నుంచి మాట్లాడుకోవడం లేదని అందరికీ తెలుసు. ఒకాయన జేబులోంచి దగ్గు బిళ్ళ తీసి, కళ్ళు మూసుకునే, రెండో ఆయన మోకాలి మీద పెట్టాడు. ఆయన కూడా కళ్ళు మూసుకునే తీసుకుని నోట్లో వేసుకున్నాడు. అయ్యగారి భార్య, మా పాస్టర్ అమ్మగారు, మెల్లగా లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళింది. బయట మబ్బు పట్టింది. మా అందరి చెప్పులూ ఒక్కో జతా తీసి లోపలి అరుగు మీద పెట్టింది. ఎవరి జత ఏదో ఆమెకు తెలుసు. విడివిడిగా పడి ఉన్నవాటిని కలిపి పెట్టింది.

నేను చున్నీ కింద గబగబా రాస్తున్నాను. ఆనందం పొంగుతోంది. ఇన్నేళ్ళూ ఇదంతా నా చుట్టూ జరుగుతోంది, నేను లేను.

అప్పుడు పక్కకు చూశాను. మా అమ్మ నిద్రపోతోంది.

కొంగు తల మీద ఉంది. వీపు నిటారుగా ఉంది. నోరు మాత్రం కొంచెం తెరుచుకుంది. చాలా లోతైన నిద్ర. పెద్దమ్మ ఒక దేశం ముగించి గొంతు పెంచగానే అందరితో పాటు సరిగ్గా "ఆమేన్" అంది, నిద్రలోనే. సంఘంలో మా అమ్మకు ప్రార్థనాపరురాలని పేరు. పెద్ద ప్రార్థన అంతసేపూ కదలకుండా కూర్చుంటుందని కొత్తగా వచ్చిన ఆడవాళ్ళకు ఆమెను చూపించేవాళ్ళు.

అంతలో విమానం వచ్చింది. అయ్యగారు చెయ్యెత్తారు. గొంతులన్నీ ఆగిపోయాయి. ఆ చప్పుడులో పెద్దమ్మ కళ్ళు తెరిచింది. తిన్నగా మా అమ్మ వైపు చూసింది. చూసి మళ్ళీ మూసుకుంది. చప్పుడు పోయాక "ప్రభువా, ఇగ బ్రెజిల్ దేశం" అంది. నేను తల తిప్పుకునేసరికి అయ్యగారు కూడా కళ్ళు తెరుచుకునే ఉన్నారు. నన్నే చూస్తున్నారు. చెయ్యి ఇంకా సగం గాల్లోనే ఉంది. నేను చటుక్కున కళ్ళు మూసుకున్నాను. అది ఎంత ఆలస్యమో మూసుకున్నాక తెలిసింది.

ఆరాధన అయ్యాక నన్ను ఆపింది అయ్యగారు కాదు, మొదట ఒక అక్క.

"నాది రాసినవా చెల్లె?"

"ఏంది అక్కా?"

"మోకాలి నొప్పి. ప్రార్థనల రాస్తున్నవ్ కదా, మనవులు రాస్తున్నవనుకున్న."

ఆమె వెనక ఇంకో ఇద్దరు నిలబడ్డారు. ఒకామె మనవడికి జ్వరం. ఇంకొకామెను కిరాయి ఇల్లు ఖాళీ చేయమంటున్నారు, వేరే ఇల్లు దొరకాలి. వాళ్ళ వెనక ఇంకొందరు చేరారు. నేను ప్రార్థన మనవుల పుస్తకం పట్టుకున్నానని అందరూ అనుకున్నారు. కాదని చెప్పడానికి ధైర్యం చాలలేదు. నిలబడి అన్నీ రాసుకున్నాను. జపాను, దగ్గు బిళ్ళ, చెప్పుల జతల కింద పదమూడు మనవులు చేరాయి. చివరి ఆమె వెళ్ళాక తట్టింది. నేను రాస్తుండగా వీళ్ళంతా చూశారంటే, వీళ్ళవి కూడా మూసుకున్న కళ్ళు కావు.

ఆ వారం ఇంట్లో కూర్చుని వ్యాసం రాశాను. అంతా రాశాను, అమ్మను తప్ప. మేడమ్‌కు ముందుగా చూపించాను. ఆమె చదువుతూ చదువుతూ పెన్ను మూత పెట్టేశారు. అది నేను మొదటిసారి చూడటం. చివరి దాకా వెళ్ళి మళ్ళీ మొదటి పేజీకి వచ్చారు.

"అమ్మ పక్కన కూర్చున్నానని రాశావు. అందరూ కనిపించారు. అమ్మ కనిపించలేదు. ఆవిడ ఏం చేస్తున్నారు?"

నేను కాగితాలు వెనక్కి తీసుకున్నాను.

"రాయాలో వద్దో నువ్వే చూసుకో. కానీ గంట మొత్తం ఉండాలి. లేకపోతే సంతకం పెట్టేవాళ్ళు ఏమని పెడతారు?"

అమ్మ గురించి ఐదు వాక్యాలు రాసి మధ్యలో కలిపాను. కొట్టేశాను. మళ్ళీ రాశాను. శుక్రవారం అయ్యగారి ఇంటికి వెళ్ళాను, అనుమతి అడగడానికి. అమ్మగారు చాయ్ ఇచ్చింది. అయ్యగారు స్కూటర్ తుడుస్తున్నారు.

"వందనాలు అయ్యగారు."

"వందనాలు బిడ్డా. వచ్చినవా? నువ్వే వస్తవని చూస్తున్న. కండ్లు మంచిగున్నయా?"

సిగ్గుతో తల వంచుకుని మొత్తం చెప్పాను. మార్కులు, మేడమ్, సంతకం. "ఐదు మార్కులు రాకపోతే ఏడాది పోతది అయ్యగారు. కానీ అందరి ముందర సదివితే ఎవరికన్న బాధ అయితదేమో అని పరేషాన్ అయితున్న."

"నన్ను కూడ రాసినవా?"

"రాసిన."

"ఏమని?"

"కండ్లు తెరిచిండ్రని."

ఆయన గుడ్డ పక్కన పెట్టారు. "నలభై ఇండ్ల మందిని చూసుకునేటోన్ని. ఎవరి మొఖం వాడింది, ఎవరు రాలే అని చూడాలె. మూసుకుంటే ఎట్ల?" అన్నారు. నా వైపు తిరిగి, "ఊరికే వచ్చేది కృప. దాని కోసం ఎవ్వరం ఏం చేయలేం. మార్కులు కృప కాదు, పని చేసి తెచ్చుకోవాలె. నువ్వు చేసినవ్. ఆదివారం సాక్ష్యాల టైముల సదువు. నాకు ముందుగాల చూపియ్యకు. అందరితోని వింట" అన్నారు.

ఆదివారం సాక్ష్యాల సమయానికి నన్ను పిలిచారు. ముందు పదమూడు మనవులూ చదివాను. ప్రతిదానికీ ఆమేన్ వచ్చింది. తర్వాత, మా మేడమ్ ఒక పని ఇచ్చారని, పోయిన ఆదివారం ప్రార్థనలో కళ్ళు తెరిచి కూర్చున్నానని, ఇది నిజమని ఒకరు సంతకం పెడితేనే పాసవుతానని చెప్పాను. ఎవరూ కదల్లేదు. కాగితాలు తిప్పి చదవడం మొదలుపెట్టాను.

మొదటి పేజీ నిశ్శబ్దంగానే గడిచింది. కీబోర్డు దగ్గరికి వచ్చాక ఆ అన్న లేచాడు.

"నేను టైమ్ చూసిన చెల్లె. ఫోన్ల టైమే చూసిన."

"టైముకు ఎన్ని వికెట్లు పడ్డయి?" అన్నారు అయ్యగారు కుర్చీలోంచి.

మగవాళ్ళ వైపు నుంచి నవ్వు లేచింది. అది ఆడవాళ్ళ వైపు పాకింది. దగ్గు బిళ్ళ దగ్గర ఆ ఇద్దరు పెద్దమనుషులూ ఒకరి మొఖం ఒకరు చూసుకోకుండా ముందుకే చూశారు. "దగ్గు ఎక్కువైంది, అందుకే ఇచ్చిన, వేరే ఏం లేదు" అన్నాడు మొదటాయన. "బిళ్ళ మంచిగనే ఉండె" అన్నాడు రెండో ఆయన. నెల రోజుల తర్వాత వాళ్ళిద్దరి మధ్య నడిచిన మొదటి మాటలు అవే. చెప్పుల జతలు చదువుతుంటే అమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒడిలో కొత్తిమీర కట్ట పెట్టుకుని..." అని చదివాను.

"ఆగు" అంది పెద్దమ్మ. "కొత్తిమీర కాదు, పుదీన."

"పచ్చగ ఉంటే కొత్తిమీర అనుకున్న పెద్దమ్మా."

"నలభై ఏండ్ల సంది అమ్ముతున్న. నాకు తెల్వదా? పుదీన అని దిద్దు. లేకుంటే సంతకం గింతకం పెట్ట."

అయ్యగారు జేబులోంచి పెన్ను తీసి ఇచ్చారు. అందరూ చూస్తుండగా కొట్టేసి పుదీన అని రాశాను. "ఇగ సదువు" అంది.

తర్వాతి వాక్యం అమ్మది. అక్కడికి వచ్చి ఆగిపోయాను. దాటేసి కింది పేరా చదువుదామనుకున్నాను. కళ్ళు కిందికి జరిగాయి గానీ నోరు రాలేదు. ఏడాది పోతే పోయిందనిపించింది. జూనియర్ల పక్కన కూర్చోవచ్చు. అమ్మను ఇందరి ముందు నిలబెట్టలేను.

గోడ దగ్గర నుంచి అమ్మ గొంతు వచ్చింది. "ఆపినవేంది?"

నేను ఆమె వైపు చూశాను.

"నీ బ్యాగుల డబ్బా పెడుతుంటె కాయిదాలు కనబడ్డయి. సదివిన. నా సంగతే కదా, సదువు."

చదివాను. కొంగు, నిటారుగా ఉన్న వీపు, తెరుచుకున్న నోరు, నిద్రలో ఆమేన్. చదవడం అయ్యాక తల ఎత్తడానికి భయం వేసింది. ఎవరూ నవ్వలేదు. అప్పుడు అమ్మ పక్కన కూర్చునే అక్క మామూలుగా, కూరగాయల ధర చెప్పినట్టు అంది: "మాకు ఎప్పటి సందో ఎరుకే. అందుకే గా గోడ జాగ ఎవ్వరం కూసోం."

"ఎరుకైతే చెప్పొద్దా?" అంది అమ్మ.

"చెప్తే నువ్వు మేల్కొని కూసుంటవ్. ఎందుకు చెప్పాలె?"

పెద్దమ్మ గొంతు సవరించుకుంది. "పిల్ల రాతిరంత నిలబడి వస్తది. ఇంటికి పోతె వంట, బట్టలు, నీళ్ళు. ఇంక యాడ పండుకుంటది? విమానం వచ్చినప్పుడు చూస్త. లేచిందా, ఆమేన్ అని ముగిస్త. లేవకుంటే ఇంకో రెండు దేశాలు ఎక్కువ చేస్త. పోయిన వారం లేవనే లేదు. నాకు తెల్సిన దేశాలన్నీ అయిపోయినయి. బ్రెజిల్ రెండుసార్లు చేసిన."

మందిరమంతా గొల్లుమంది. రేకులు ఎగిరిపోతాయేమో అన్నంతగా నవ్వారు. గొణుక్కునే కుర్రకారు అందరికంటే ఎక్కువ నవ్వారు. అమ్మ కొంగుతో మొఖం కప్పుకుంది. ఏడుస్తోందేమో అనుకుని పరుగున వెళ్ళాను. భుజాలు కదులుతున్నాయి. కొంగు తీస్తే నవ్వుతోంది. "బ్రెజిల్ రెండుసార్లట" అంది నాతో, ఊపిరాడక.

మనం ప్రార్థించేవాడు కునుకు తీయడని చిన్నప్పటి నుంచీ నేర్చుకున్నాను. ఆయన సన్నిధిలో మనం నిద్రపోవచ్చని ఎవరూ నేర్పలేదు. అలసిన మనిషి నిద్ర చెడకూడదని మా పెద్దమ్మ ఎరగని దేశాల జనాన్నంతా దేవుని ముందు పెట్టింది. ఆ దేశాల వాళ్ళకు ఆ ప్రార్థన చేరిందనే నేను నమ్ముతాను. ఎందుకు పొడిగించిందో తెలిసినంత మాత్రాన అది ప్రార్థన కాకుండా పోదు.

ఒక్క సంతకం చాలని చెప్పాను. ఎవరూ వినలేదు. మొదటిది అమ్మ పెట్టాలన్నారు. అమ్మ 'ఇది ఇట్లనే జరిగింది' అని రాసి, కింద పేరు రాసింది. తర్వాత వరుస కట్టారు. దగ్గు బిళ్ళ పెద్దమనుషులు ఒకరి పెన్నుతో ఒకరు పెట్టారు. కీబోర్డు అన్న సంతకం పెట్టి, పక్కన బ్రాకెట్లో 'టైమ్ మాత్రమే' అని రాసుకున్నాడు. పెద్దమ్మకు వేలిముద్ర కావాలి. సంఘం ముద్రల డబ్బా తెరిచారు. ఆమె బొటనవేలు సిరాలో ముంచి, పుదీన అని దిద్దిన చోటు వెతికి సరిగ్గా దాని పక్కనే అద్దింది. చివరి పేజీ నిండిపోతే వెనక్కి తిప్పారు. అదీ నిండాక అయ్యగారు ఉన్న కాస్త జాగాలో సంఘం గుండ్రటి ముద్ర వేశారు.

సోమవారం పొద్దున మేడమ్ బల్ల మీద పెట్టాను. ఆమె వ్యాసం మళ్ళీ మొదటి నుంచి చదివారు. వేలిముద్ర దగ్గర ఆగి, "ఇదెవరిది?" అని అడిగారు. చెప్పాను. అక్కడ జరిగిందంతా చెప్పించుకున్నారు. మధ్యలో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు, నవ్వి నవ్వి. పేజీ తిప్పారు. ఇంకో వైపు తిప్పారు.

"ఒక్క సంతకం అడిగాను కదమ్మా. మార్కులు ఎక్కడ వేయను?"

వేయడానికి చోటు లేక మొదటి పేజీ పైన, నా హాల్ టికెట్ నంబర్ పక్కన, చిన్నగా ఐదు వేసి గుండ్రంగా చుట్టారు. తర్వాత రిజిస్టర్ తీసి నా పేరు కింద ఎర్ర గీతను నల్ల పెన్నుతో కొట్టేశారు. 

బస్ స్టాపులోంచి అమ్మకు ఫోన్ చేశాను. డ్యూటీ దిగి కంపెనీ బస్సు కోసం నిలబడి ఉంది. వెనక ఆమె షిఫ్టు వాళ్ళ మాటలు వినబడుతున్నాయి.

"వచ్చినయి అమ్మా. పాస్ అయిన. మూడో సంవత్సరంలకు పోతున్న."

"దేవునికి స్తోత్రం" అంది. ఆ మాట నాతో అని, ఫోన్ పక్కకు తిప్పి వాళ్ళతో, "పాసయిందట" అంది. ఎవరో చప్పట్లు కొట్టారు. మళ్ళీ ఫోన్ దగ్గరికి వచ్చింది.

"ఎన్ని ఏసింది?"

"ఐదు."

 ఎవరితోనో లెక్క సరిచూసుకుంటున్నట్టు ఉంది.

"ఐదేనా? గంత మందిమి సంతకాలు పెడితె?"